సహాయక గాలి స్ప్రింగు (క్యాంపర్ వ్యాను)

సహాయక గాలి స్ప్రింగు అనగా వాహనపు వెనుక ఇరుసుకు కర్మాగారంలో బిగించిన ఉక్కు స్ప్రింగులను తొలగించకుండా, వాటికి తోడుగా అమర్చే గాలి నింపిన రబ్బరు సంచి. వీటిని ఎక్కువగా క్యాంపర్ వ్యానులలోను, మోటారు గృహాలలోను, బరువైన ట్రెయిలర్లను లాగే పికప్ వాహనాలలోను వాడుతారు. ఉక్కు స్ప్రింగులను పూర్తిగా తీసివేసి వాటి స్థానంలో గాలి స్ప్రింగులనే అమర్చే పద్ధతిని పూర్ణ గాలి సస్పెన్షన్ అంటారు. ఈ వ్యాసం మొదటి రకానికి, అనగా సహాయక పద్ధతికి సంబంధించినది.

వంగిపోయిన వాహనపు వెనుక భాగాన్ని తిరిగి సమమట్టానికి తీసుకొని రావడం, మలుపులలో పక్కకు ఒరిగే గుణాన్ని తగ్గించడం, గతుకులపై స్ప్రింగు చివరి వరకు అణగి ఛాసిస్‌కు కొట్టుకోకుండా కాపాడడం దీని ప్రధాన ప్రయోజనాలు. అయితే ఇది వాహనం మోయదగిన చట్టబద్ధమైన బరువును తనంతట తానుగా పెంచదు. ఈ తేడాను గుర్తించకపోవడం వలననే ప్రమాదాలు సంభవించే అవకాశం ఎక్కువ.

అవసరం ఎందుకు కలుగుతుంది

క్యాంపర్ వ్యాను సాధారణంగా ఒక సరకు రవాణా వ్యానుపై నిర్మితమవుతుంది. ఐరోపాలో ఇందుకు అత్యధికంగా వాడే వాహనాలలో ఫియట్ డుకాటో ఒకటి. 1981లో మొదలైన ఈ వాహనపు మూడవ తరం 2006లో వెలువడింది. ఇది ముందు చక్రాలతో నడిచే వాహనం. దీని వెనుక భాగంలో దృఢమైన ఇరుసు, దానికి ఇరువైపులా కమాన్ పట్టీలు ఉంటాయి. ప్యూజో బాక్సర్, సిట్రోయెన్ జంపర్ వ్యానులు కూడా ఇదే నిర్మాణానికి చెందిన సోదర వాహనాలు.

సరకు వ్యాను ఒకరోజు నిండుగా, మరొకరోజు ఖాళీగా నడుస్తుంది. క్యాంపర్ వ్యాను అలా కాదు. మంచాలు, అల్మారాలు, వంట పొయ్యి, నీటి తొట్టి, బ్యాటరీలు, గ్యాస్ సిలిండరు మొదలైనవి దానిలో శాశ్వతంగా ఉంటాయి. నూరు లీటర్ల నీరే నూరు కిలోగ్రాముల బరువు. అందువలన దాని స్ప్రింగులు సంవత్సరమంతా దాదాపు నిండు బరువు కింద అణగి ఉంటాయి. కాలక్రమంలో పట్టీల వంపు తగ్గి వాహనం వెనుకకు వాలిపోతుంది.

దీనికి తోడు అనేక మోటారు గృహాలలో వెనుక ఇరుసు దాటి శరీరం చాలా దూరం పొడుచుకొని వస్తుంది. ఆ చివర పెట్టిన బరువు తూనిక కోల సూత్రం ప్రకారం పని చేస్తుంది. ఉదాహరణకు ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు అనుకొందాము. వెనుక ఇరుసుకు 2 మీటర్ల వెనుక 100 కిలోగ్రాముల స్కూటరును మోయించినచో, వెనుక ఇరుసుపై పెరిగే భారం 100 కిలోగ్రాములు కాదు, 150 కిలోగ్రాములు. మిగిలిన 50 కిలోగ్రాములు ముందు ఇరుసుపై నుండి తగ్గుతాయి. ముందు చక్రాలతోనే నడిచి, ముందు చక్రాలతోనే మలుపు తిరిగే వాహనానికి ఇది మంచిది కాదు. తడిసిన ఎత్తురోడ్డుపై చక్రాలు పట్టు దొరకక తిరిగిపోతాయి.

చరిత్ర

గాలిని స్ప్రింగుగా వాడాలనే ఆలోచన మోటారు వాహనమంత పాతది. జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంటు పొందాడు. టైరు కూడా ఒక విధమైన గాలి స్ప్రింగే. 1901లో విలియం హంఫ్రీస్ అనే వ్యక్తి వాహనాలకు గాలి స్ప్రింగుపై అమెరికాలో పేటెంటు పొందాడు. 1930లలో అమెరికాలోని ఫైర్‌స్టోన్ సంస్థ రబ్బరు, దారపు పొరలతో చేసిన గాలి సంచులపై ప్రయోగాలు చేసింది. కాని కార్లలో అవి వెంటనే వ్యాపించలేదు.

ఈ పద్ధతి ముందుగా స్థిరపడినది బస్సులలో. 1950లలో జనరల్ మోటార్స్ సంస్థ తన దూరప్రయాణ బస్సులలో గాలి సస్పెన్షన్‌ను ప్రవేశపెట్టింది. గ్రేహౌండ్ సంస్థ కొరకు 1954 నుండి తయారైన సీనిక్రూజర్ బస్సు వీటిలో ప్రసిద్ధమైనది. కార్లలో 1957 నాటి కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ గాలి సస్పెన్షన్‌తో వెలువడినప్పటికీ, గాలి కారిపోయే సమస్యల వలన అనేకమంది యజమానులు దానిని తీసివేసి ఉక్కు స్ప్రింగులు వేయించుకొన్నారు. 1955 నాటి సిట్రోయెన్ డి.ఎస్. కారులో వాడినది దీనికి సమీపమైన మరొక పద్ధతి. దానిలో నైట్రోజన్ వాయువు, నూనె కలిసి పని చేస్తాయి.

ఉన్న ఉక్కు స్ప్రింగుకు తోడుగా గాలి సంచిని చేర్చే సహాయక పద్ధతి 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో అమెరికాలో వ్యాపించింది. ట్రెయిలర్లను లాగే కుటుంబ కార్ల వెనుక చుట్ట స్ప్రింగుల లోపల రబ్బరు సంచులను దూర్చేవారు. తరువాత కమాన్ పట్టీలు గల పికప్‌లకు, వ్యానులకు ఇరుసుకు ఛాసిస్‌కు మధ్య నిలబెట్టే సంచులు వచ్చాయి.

నిర్మాణం

సాధారణంగా ఒక కిట్టులో ఈ కింది భాగాలు ఉంటాయి.

• గాలి సంచులు రెండు: రబ్బరు పొరల మధ్య దారపు నేత ఉంటుంది. ఒకటి లేదా రెండు మడతలు గల సంచులు, పిస్టనుపై దొర్లుతూ ముడుచుకొనే సంచులు అని రెండు ముఖ్య రకాలు ఉన్నాయి.
• పై బ్రాకెట్లు, కింది బ్రాకెట్లు: సంచి పై భాగాన్ని ఛాసిస్‌కు, కింది భాగాన్ని ఇరుసుకు కలిపే ఉక్కు పలకలు.
• యు-బోల్టులు, నట్లు, వాషర్లు.
• నైలాన్ గాలి గొట్టాలు, వాటిని కలిపే కీళ్ళు.
• గాలి నింపే వాల్వులు: ఇవి టైరు వాల్వు వంటివే. సైకిలు పంపుతోనైనా, పెట్రోలు బంకులోని గాలి గొట్టంతోనైనా నింపవచ్చు.
• పీడన మాపకాలు. కొన్ని కిట్లలో 12 వోల్టుల చిన్న కంప్రెసరు, డ్రైవరు దగ్గర మీటలు కూడా ఉంటాయి.

కుడి, ఎడమ సంచులకు వేర్వేరు గొట్టాలు, వేర్వేరు మాపకాలు ఉండడం ఉత్తమం. రెండింటిని ఒకే గొట్టంతో కలిపినచో, మలుపులో బరువు పడిన వైపు సంచి నుండి గాలి రెండవ వైపుకు పోతుంది. దానితో వాహనం మరింత ఒరుగుతుంది. వేర్వేరుగా ఉన్నచో, నీటి తొట్టి ఒక పక్కన ఉండడం వలన కలిగే ఎగుడుదిగుడును కూడా సరిచేయవచ్చు.

పని చేసే సూత్రం

సంచి మోసే బలం దానిలోని గాలి పీడనాన్ని దాని ప్రభావ వైశాల్యంతో గుణించగా వస్తుంది. ఇక్కడ పీడనం అనగా వాతావరణ పీడనం కంటే ఎంత ఎక్కువ ఉన్నదో ఆ విలువ, అనగా మాపకం చూపే విలువ.

ఒక ఉదాహరణ చూద్దాము. ఒక వైపు కమాన్ పట్టీ కట్ట దృఢత్వం మిల్లీమీటరుకు 60 న్యూటన్లు అనుకొందాము. ఆ వైపు భారం 500 కిలోగ్రాముల నుండి 800 కిలోగ్రాములకు పెరిగినచో, అదనపు 300 కిలోగ్రాముల బరువు 2943 న్యూటన్లు. దానిని 60తో భాగించగా వాహనం ఆ వైపు సుమారు 49 మిల్లీమీటర్లు, అనగా దాదాపు 5 సెంటీమీటర్లు దిగిపోతుంది.

ఇప్పుడు 150 మిల్లీమీటర్ల ప్రభావ వ్యాసం గల సంచిని ఇరుసుపై నిలబెట్టామనుకొందాము. దాని వైశాల్యం సుమారు 0.0177 చదరపు మీటర్లు. 2943 న్యూటన్లను అదే పూర్తిగా మోయాలంటే సుమారు 1.7 బార్ల పీడనం, అనగా చదరపు అంగుళానికి 24 పౌండ్లు చాలును. ఇది సాధారణ కారు టైరులోని పీడనం కంటే తక్కువ. అంత గాలి నింపగా వాహనం తిరిగి పాత ఎత్తుకు వస్తుంది.

గాలి స్ప్రింగు ఎత్తును మాత్రమే గాక దృఢత్వాన్ని కూడా పెంచుతుంది. మూసి ఉన్న గాలిని నొక్కినకొద్దీ దాని పీడనం పెరుగుతుంది. కాబట్టి సంచి అణగినకొద్దీ మరింత గట్టిపడుతుంది. పై ఉదాహరణలో సంచి ఘనపరిమాణం 2.5 లీటర్లు అయినచో, వేగమైన కదలికలలో అది సుమారు మిల్లీమీటరుకు 47 న్యూటన్ల దృఢత్వాన్ని చేరుస్తుంది. వాహనం పైకి కిందికి ఊగే వేగాన్ని దీనిని బట్టి లెక్కించవచ్చు.

• 500 కిలోగ్రాముల భారం, కమాన్ పట్టీ మాత్రమే: సెకనుకు సుమారు 1.7 ఊపులు.
• 800 కిలోగ్రాముల భారం, కమాన్ పట్టీ మాత్రమే: సెకనుకు సుమారు 1.4 ఊపులు.
• 800 కిలోగ్రాముల భారం, కమాన్ పట్టీతో పాటు గాలి సంచి: సెకనుకు సుమారు 1.8 ఊపులు.

అనగా బరువు పెరిగి మందగించిన ఊపు తిరిగి తొలి స్థాయికి వచ్చినది. ఓడ వలె తూలే గుణం తగ్గినదని డ్రైవరుకు తెలిసేది ఇందువలననే. అయితే అవసరానికి మించి గాలి నింపినచో ప్రయాణం గట్టిగా, కుదుపులతో ఉంటుంది. ఊపును అణచే పని స్ప్రింగుది కాదు, షాక్ అబ్జార్బరుది. అరిగిపోయిన షాక్ అబ్జార్బర్లను గాలి సంచి బాగు చేయలేదు.

అమర్చే పద్ధతి

వాహనాన్ని బట్టి కిట్టు మారుతుంది గనుక తయారీదారు ఇచ్చిన సూచనలే ప్రమాణం. సాధారణ క్రమం ఈ విధంగా ఉంటుంది.

1. ముందుగా ప్రయాణానికి సిద్ధమైన వాహనాన్ని, అనగా నీరు, సామాను, మనుషులతో సహా, కాటాపై తూచాలి. ముందు ఇరుసు, వెనుక ఇరుసు బరువులను విడివిడిగా చూడాలి. వాటిని వాహనంపై ఉన్న ప్లేటులోని పరిమితులతో పోల్చాలి. పరిమితి దాటి ఉన్నచో మొదట చేయవలసినది సామాను తగ్గించడమే.
2. సమమైన గట్టి నేలపై వాహనాన్ని నిలిపి, చక్రపు కేంద్రం నుండి చక్రపు కమ్మీ అంచు వరకు గల ఎత్తును నాలుగు వైపులా కొలిచి వ్రాసుకోవాలి.
3. కమాన్ పట్టీలను, వాటి కట్లను, ఛాసిస్‌ను పరీక్షించాలి. విరిగిన పట్టీ, తుప్పు తిన్న ఛాసిస్ ఉన్నచో వాటిని బాగు చేయకుండా ముందుకు పోరాదు.
4. ముందు చక్రాలకు అడ్డుకట్టలు వేసి, వెనుక భాగాన్ని జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదానిపై నిలిచిన వాహనం కిందికి ఎవరూ దూరరాదు. ఇరుసును వేరొక జాకీతో ఆనించి మెల్లగా కిందికి దించాలి.
5. అనేక వ్యానులలో ఇరుసుకు పైన ఉండే రబ్బరు దిమ్మెను తీసివేసి, ఆ చోటనే పై బ్రాకెట్టును బిగిస్తారు. కింది బ్రాకెట్టును యు-బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు.
6. సంచిని బ్రాకెట్ల మధ్య నిలబెట్టాలి. పై, కింది పలకలు ఒకదానికొకటి సమాంతరంగా, ఒకే నిలువు గీతలో ఉండాలి. మెలిపడిన సంచి త్వరగా చినుగుతుంది.
7. గాలి నింపినప్పుడు సంచి ఉబ్బుతుంది. అప్పుడు కూడా దాని చుట్టూ బ్రేకు గొట్టాలు, హ్యాండ్ బ్రేకు తీగ, ఛాసిస్ అంచులు తగలకుండా తగిన ఖాళీ ఉండాలి. పొగ గొట్టం దగ్గరగా పోతున్నచో వేడిని అడ్డే రేకును తప్పక బిగించాలి.
8. నైలాన్ గొట్టాన్ని పదునైన కత్తితో అడ్డంగా, తిన్నగా కోయాలి. ఏటవాలుగా కోసినచో కీలు వద్ద గాలి కారుతుంది. గొట్టం మెలికలు పడకుండా, కదిలే భాగాలకు దూరంగా కట్టాలి.
9. బోల్టులను సూచించిన బిగువుకు టార్క్ పానాతో బిగించాలి.
10. వాహనాన్ని దించే ముందే సంచులలో కనీస పీడనం నింపాలి. ఖాళీ సంచిపై బరువు పడినచో రబ్బరు మడతల మధ్య నలుగుతుంది.
11. కీళ్ళపై సబ్బు నీరు పూసి బుడగలు వచ్చునేమో చూడాలి. మరునాడు పీడనాన్ని తిరిగి కొలవాలి.
12. కొంత దూరం నడిపిన పిదప బోల్టులన్నిటిని మరల సరిచూడాలి.

బ్రేకులతో సంబంధం

అమర్చే పనిలో తరచుగా మరచిపోయేది, ప్రాణాపాయం కలిగించగలది ఈ విషయమే. అనేక వ్యానులలో, ముఖ్యంగా పాత నమూనాలలో, భారాన్ని బట్టి వెనుక బ్రేకుల పీడనాన్ని సర్దే వాల్వు ఒకటి ఛాసిస్‌పై ఉంటుంది. దాని నుండి ఒక కడ్డీ ఇరుసుకు కలుస్తుంది. ఈ వాల్వు బరువును స్వయంగా తూచదు. ఛాసిస్‌కు ఇరుసుకు మధ్య దూరాన్ని మాత్రమే గ్రహిస్తుంది. దూరం తగ్గినచో వాహనం నిండుగా ఉన్నదని భావించి వెనుక బ్రేకులకు ఎక్కువ పీడనం ఇస్తుంది. దూరం ఎక్కువగా ఉన్నచో ఖాళీగా ఉన్నదని భావించి పీడనం తగ్గిస్తుంది.

గాలి సంచులు నిండు వాహనాన్ని పైకి లేపుతాయి. వాల్వు దృష్టిలో అది ఖాళీ వాహనమవుతుంది. దానితో వెనుక బ్రేకులు చేయవలసిన పని చేయవు, ముందు బ్రేకులపై భారం పెరిగి ఆగే దూరం ఎక్కువవుతుంది. కనుక ఇటువంటి వాల్వు ఉన్న వాహనంలో గాలి సంచులు అమర్చిన తరువాత, తయారీదారు సూచన ప్రకారం కడ్డీని లేదా వాల్వును నిపుణుని చేత సరిచేయించాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో బ్రేకు పీడనాన్ని పంచే కొత్త వాహనాలలో ఈ కడ్డీ ఉండకపోవచ్చును. వాహనానికి ఏది ఉన్నదో ముందుగా తెలుసుకోవాలి.

వాహనపు వాలు మారడం వలన ముందు దీపాల కాంతి పడే కోణం కూడా మారుతుంది. వెనుక భాగం దిగి ఉన్నప్పుడు ఎదుటివారి కళ్ళలో పడే కాంతి, వెనుక భాగం లేచిన తరువాత రోడ్డుకు మరీ దగ్గరగా పడవచ్చు. దీపాలను కూడా సరిచూడాలి.

వాడకం, నిర్వహణ

కనిష్ఠ, గరిష్ఠ పీడనాలు కిట్టును బట్టి మారుతాయి. కనిష్ఠం సాధారణంగా అర బారుకు అటూ ఇటూ ఉంటుంది. అనేక సంచులకు గరిష్ఠం 7 బార్ల సమీపంలో ఉంటుంది. అయితే గరిష్ఠం అనగా నింపవలసిన పీడనం కాదు. వాహనం తన సరైన ఎత్తుకు వచ్చే పీడనమే సరైన పీడనం.

ఉష్ణోగ్రతతో పాటు పీడనం మారుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద మాపకంలో 2 బార్లు చూపిన సంచి, ఘనపరిమాణం మారకుండా ఉన్నచో, 0 డిగ్రీల వద్ద సుమారు 1.7 బార్లు చూపుతుంది. వేసవిలో మైదానం నుండి బయలుదేరి మంచు కొండలు చేరినవారు దీనిని గాలి కారుటగా పొరబడరాదు.

సాధారణంగా కనిపించే లోపాలు, వాటి కారణాలు:

• ఒక వైపు మాత్రమే పీడనం పడిపోవుట: కీలు వద్ద గాలి కారుట, ఏటవాలుగా కోసిన గొట్టం, వాల్వులో ఇసుక.
• సంచిపై ఒకే చోట ఒరిపిడి గుర్తు: చుట్టూ ఖాళీ చాలకపోవుట.
• రబ్బరుపై పగుళ్ళు: వయస్సు, పొగ గొట్టపు వేడి, నూనె తగులుట.
• గట్టి కుదుపులు: అధిక పీడనం.
• మలుపులో అధికంగా ఒరుగుట: తక్కువ పీడనం, లేదా రెండు సంచులను కలిపిన గొట్టం.

ప్రతి ప్రయాణానికి ముందు పీడనాన్ని, సంవత్సరానికి ఒకసారి బోల్టులను, రబ్బరును పరీక్షించడం మంచిది. సంచిపై పడిన బురదను, చిన్న రాళ్ళను నీటితో కడగాలి. గ్రీజు, పెట్రోలు తగలనీయరాదు. సంచి పగిలినచో వాహనం ఉక్కు స్ప్రింగులపై నిలుస్తుంది. ఇది సహాయక పద్ధతిలోని ఒక మేలు. అయినను అటువంటప్పుడు నెమ్మదిగా నడిపి, తొందరగా బాగు చేయించాలి.

పరిమితులు, చట్టం

ఇరుసు, చక్రపు బేరింగులు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ అన్నీ కలిసి వాహనపు బరువు పరిమితిని నిర్ణయిస్తాయి. గాలి సంచి వీటిలో దేనినీ బలపరచదు. పై ఉదాహరణలోని స్కూటరు వలన వెనుక ఇరుసుపై పెరిగిన 150 కిలోగ్రాములు గాలి నింపిన తరువాత కూడా అక్కడే ఉంటాయి. ముందు చక్రాలపై తగ్గిన 50 కిలోగ్రాములు తిరిగి రావు. వాలు పోయినది గాని భారం పోలేదు. వంగిన వాహనం తన అధిక భారాన్ని కంటికి చూపుతుంది. గాలి సంచి ఆ హెచ్చరికను దాచివేయగలదు. అందుకే దీనిని అమర్చినవారు కాటాను మరింత తరచుగా ఆశ్రయించాలి.

ఐరోపాలో సాధారణ కారు లైసెన్సుతో నడపదగిన వాహనపు పరిమితి, కొన్ని మినహాయింపులతో, 3500 కిలోగ్రాములు. అనేక క్యాంపర్ వ్యానులు ఈ గీతకు చాలా దగ్గరగా ఉంటాయి. బ్రిటన్, జర్మనీ వంటి దేశాలలో తగిన సస్పెన్షన్, టైర్లు అమర్చి, ధ్రువీకరణ పొంది, కొత్త ప్లేటుతో పరిమితిని పెంచుకొనే వీలు ఉంది. కాని ఆ అధికారిక ప్రక్రియ లేకుండా సంచులు బిగించినంత మాత్రాన పరిమితి పెరగదు.

భారతదేశంలో

గాలి స్ప్రింగులు తెలుగువారికి ప్రయాణికులుగా సుపరిచితమే. 2001లో భారతదేశంలో ప్రవేశించిన వోల్వో బస్సులు గాలి సస్పెన్షన్‌తో వచ్చాయి. ఆర్టీసీ గరుడ సర్వీసులలో ఇటువంటి బస్సులనే నడిపారు. బస్సు అంతస్తు ఎత్తు ప్రయాణికుల సంఖ్యతో మారకపోవడం, గతుకులు తక్కువగా తెలియడం దీని ఫలితమే. వందే భారత్ రైళ్ళలోను, ఎల్.హెచ్.బి. పెట్టెలలో అనేకమింటిలోను పెట్టెకు బోగీకి మధ్య గాలి స్ప్రింగులు ఉంటాయి.

ఇక్కడ క్యాంపర్ వ్యానుల సంఖ్య తక్కువ. ఉన్నవాటిలో కొన్నింటిని ఫోర్స్ ట్రావెలర్ వంటి వాహనాలపై నిర్మిస్తున్నారు. మోటారు గృహాల ఆమోదానికి ఎ.ఐ.ఎస్. 124 అనే ప్రమాణం ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. కాబట్టి సస్పెన్షన్‌లో మార్పు చేయదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలోను, బీమా సంస్థ వద్దను విచారించుకోవడం అవసరం.

ఇవి కూడా చూడండి

• కమాన్ పట్టీ
• షాక్ అబ్జార్బరు
• బాయిల్ నియమం
• తులాదండం
• బ్రేకు